నిర్వచనాలు

ఢిల్లీకి పొయ్యేది ఇంగ్లీషు ప్రతి.
నేను కొట్టేది
ఊళ్ళో చదివి వినిపించే తెలుగు ప్రతి.
చిత్తూరు కోర్టు ముందర ముప్పై ఏళ్ళు
చెక్కుబంది లేని కాగితం కొట్టి ఎరగను.
ఈ బిల్లుకు హద్దులేవని అడిగితే
దాక్షాయణమ్మ గారు కళ్ళద్దాలు తీసి
"గాలికి యాడ హద్దులు పెడతావు నాదమునీ" అన్నారు.

సెక్షన్ ఒకటి: పేరు.
అడవి అంచు పల్లెల సిగ్నల్ హక్కు బిల్లు.
సెక్షన్ రెండు: నిర్వచనాలు.
(క) గ్రామము అనగా
(ఖ) టవరు అనగా
(గ) సిగ్నల్ అనగా
అక్కడ ఖాళీ వదలమన్నారు.
"బూరగమిట్టకు పోయి అడిగొద్దాం."

పలమనేరు దాటినాక ఫోన్లో గీతలు
నాలుగు, రెండు, ఒకటి.
కౌండిన్య అడవి కనపడేసరికి
గీతలున్న చోట ఇంటూ మార్కు.

రేషను డీలరు కుప్పన్న
వేలిముద్రల మిషన్ను బిందెలాగా చంకనెత్తుకుని
గుండు మీదికెక్కుతాడు.
వెనకాల వరసగా ముసలోళ్ళు,
మోకాళ్ళ మీద చేతులేసుకుని.
"బొటనేలు ఈడనే ఉండాది సార్,
అది నాదేనని చెప్పేటోడు పైన ఉండాడు."

సిగ్నల్ అంటే ఏందని మేడం అడిగారు.
ఒకాయన గుండు చూపించాడు.
టమాటా బుట్ట దించిన పిల్ల
"మదనపల్లె మార్కెట్టు రేటు" అనింది.
గంగులమ్మ చానాసేపు పలకలేదు.
కొంగుముడి విప్పి పాత ఫోను తీసి
నా చేతికిచ్చి చదవమనింది.

"ఏనుగుల గుంపు మీ ఊరి వైపు వస్తోంది.
బయటికి రావద్దు."

పంపింది రాత్రి తొమ్మిదిన్నరకు.
అందింది మర్నాడు పదకొండుకు,
పలమనేరు ఆసుపత్రి గేటు కాడ,
వాళ్ళాయన పంచనామా కాగితం కోసం
ఆమె వేలికి సిరా పూస్తా ఉండంగా.

"చెరిపెయ్యడం రాదు నాకు," అనింది.
"వచ్చినా చెరపను."

తిరుగు దారిలో కారులో ఎవరమూ మాట్లాడలేదు.
మొగిలి కనుమ దిగుతుండగా
నా ఫోనుకు ఒక్కసారిగా పదిహేడు మెసేజీలు.
అప్పు ఇస్తాం. అప్పు ఇస్తాం.
పట్టుచీరల మీద తగ్గింపు.

ఢిల్లీ నుంచి ప్రతి తిరిగొచ్చింది, ఎర్రసిరాతో.
ఏనుగుల్ని కొట్టేసి
"ప్రకృతి వైపరీత్యాలు వగైరా" అని రాశారు.
నేనూ కొట్టాను చానా వగైరాలు:
బావి వగైరా, చెట్టూ చేమా వగైరా,
వారసులు వగైరా.
ఆ మాట కింద ఎంతమంది నలిగారో
ఆ పొద్దుదాకా లెక్కపెట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో టీవీ.
సభ్యుల సొంత బిల్లులకు మిగిలేది
వారానికి ఆ రెండున్నర గంటలే.
ఆమె లేచి నిలబడేసరికి
సభలో తలకాయలు వేళ్ళ మీద లెక్క.
కోరం లేదన్నారెవరో.
గంట మోగించారు.
వరండాలకీ, క్యాంటీనుకీ, లైబ్రరీకీ
అన్నిటికీ వినపడే గంట.
అక్కడ సిగ్నల్ నిండుగా ఉంది.
ఎవరూ రాలేదు.

రాత్రి పదింటికి ఫోను చేశారు.
గొంతులో కోపం లేదు;
అర్థం కాని పాఠాన్ని మళ్ళీ మొదలుపెట్టే
ఫిజిక్సు టీచరు గొంతు.

"వచ్చే సమావేశాలకు మళ్ళీ వేద్దాం.
సిగ్నల్ కాడ ఏం పెట్టినావు?"
"ఖాళీగానే ఉంది మేడం."
"గంగులమ్మ ఏమనింది?"
"ఏమీ అనలేదు కదా, ఫోను చూపించింది."

లైను కట్టయిందేమో అనుకున్నాను.

"టైములు రెండూ వెయ్యి.
పంపిందీ, అందిందీ.
ఇంకొకటి. మన తెలుగు ప్రతిలో
ఏనుగు అని కూడా వద్దు.
ఏనిగ అని కొట్టు.
వాళ్ళ నోట్లో ఎట్లుంటే అట్ల."

కొట్టాను.
కంప్యూటరు ఆ మాట కింద
ఎర్రగా ఒక వంకర గీత గీసింది.
దాన్ని అట్లే ఉండనిచ్చాను.